నర్సు డిగ్రీకి ఇంగ్లీషు పరీక్ష అడ్డం పెట్టడం న్యాయమా? చైనా సీఈటీ-4 మీద చర్చ

గోదారి_డాక్టర్:
నేను 2013 నుంచి 2019 దాకా చైనాలో ఎంబీబీఎస్ చదివాను. అక్కడ చూసిన ఒక విషయం ఇప్పటికీ మనసులోంచి పోలేదు. మీ అభిప్రాయం కావాలి.

అక్కడి కాలేజీ పిల్లలకు సీఈటీ-4 అని దేశమంతటికీ ఒకే ఇంగ్లీషు పరీక్ష ఉంటుంది. 1987లో మొదలైంది. జూన్‌లో ఒకసారి, డిసెంబరులో ఒకసారి పెడతారు. మొత్తం 710 మార్కులు, 425 వస్తే గట్టెక్కినట్టు లెక్క. దాని పైమెట్టు సీఈటీ-6. పిల్లలు మాటల్లో 'సీజీ', 'ల్యోజీ' అంటారు, అంటే నాలుగో మెట్టు, ఆరో మెట్టు.

విదేశీ విద్యార్థిని, చైనా విద్యార్థిని జత కలిపి ఒకరి భాష ఒకరు నేర్చుకునే పద్ధతి అక్కడ ఉంది. ఆ జోడీని 'యూబాన్' అంటారు, భాషా నేస్తం అన్నమాట. నా యూబాన్ గాన్సూ రాష్ట్రంలో ఒక పల్లె నుంచి వచ్చిన నర్సింగ్ అమ్మాయి. వాళ్ల ఊరి బడిలో ఇంగ్లీషుకు వేరే టీచరు లేక లెక్కల మాస్టారే చెప్పేవారట. సూది గుచ్చితే రోగికి తెలిసేది కాదు, అంత మంచి చెయ్యి. ప్రాక్టికల్స్‌లో క్లాసులో మొదటి వరస. ఉదయం ఆరున్నరకే చెరువు గట్టు మీద నిలబడి పదాల పుస్తకం పైకి చదివేది. ఆ పుస్తకాలు అక్షర క్రమంలో ఉంటాయి కాబట్టి చాలావాటిలో మొదట్లోనే వచ్చే మాట 'అబాండన్', అంటే వదిలేయడం. అక్కడ చాలామంది ఆ మాట దగ్గరే వదిలేస్తారని అందరూ చెప్పుకుంటారు. ఈ అమ్మాయి వదల్లేదు. మూడుసార్లు రాసింది. 2016 డిసెంబరులో 419 వచ్చాయి. ఆరు మార్కులు తక్కువ.

అక్కడ చదువు అయ్యాక రెండు పత్రాలు ఇస్తారు. చదువు పూర్తయినట్టు ఒకటి, డిగ్రీ పట్టా వేరే. ఆమె కాలేజీలో 425 లేకపోతే రెండోది ఇవ్వరు. 2017 జూన్‌లో నాలుగోసారి రాసింది, ఫలితం ఆగస్టు చివర్లో వచ్చింది, 431. కానీ ఈలోపు జూలైలోనే నగరంలోని ఆసుపత్రి పట్టా అడిగింది, ఈమె దగ్గర లేదు, ఉద్యోగం ఇంకొకరికి వెళ్లిపోయింది.

డిగ్రీకి దీన్ని ముడిపెట్టమని తాము ఏ కాలేజీకీ చెప్పలేదని చైనా విద్యాశాఖ 2005లోనే స్పష్టం చేసింది. అయినా కాలేజీలు తమంతట తాము ఆ నియమం పెట్టుకున్నాయి. ఇది న్యాయమేనా?

పలకాబలపం:
డాక్టరు గారూ, ఆ అమ్మాయి సంగతి చదివి బాధేసింది. అయినా నేను మీతో ఏకీభవించను. 2009 నుంచి రెండేళ్లు చైనాలో ఒక చిన్న ఊరి కాలేజీలో ఇంగ్లీషు చెప్పాను. అంతకుముందు నెల్లూరు జిల్లాలో ఇరవై రెండేళ్లు చెప్పాను.

ముందు ఒక సవరణ. 710లో అరవై శాతం దాదాపు 426 కాబట్టి 425 అంటే అరవై శాతం అని పిల్లలంతా అనుకుంటారు. కాదు. 2005కు ముందు నూటికి మార్కులు వేసి, అరవై దాటితే పాస్ అని సర్టిఫికెట్ ఇచ్చేవారు. ఆ ఏడాది నుంచి పాస్, ఫెయిల్ తీసేసి మార్కుల పత్రం మాత్రమే ఇస్తున్నారు. ఒక నమూనా గుంపుతో పోల్చి, సగటు 500 దగ్గర పడేలా స్కోరు లెక్కిస్తారు. 425 అన్నది సీఈటీ-6 రాయడానికి కావలసిన స్కోరు. కాలేజీలూ కంపెనీలూ దాన్నే పాస్ గీతగా వాడుకుంటున్నాయి.

ఇక అసలు మాట. ఈ పరీక్ష ఫీజు పేదపిల్ల కూడా కట్టుకోగలిగేంతే. ఐఈఎల్‌టీఎస్ రాయాలంటే చైనాలో రెండు వేల యువాన్లు దాటుతుంది. బీజింగ్, షాంఘై పిల్లలకు ట్యూషన్లు ఉంటాయి, విదేశాలకు వెళ్లిన తల్లిదండ్రులు ఉంటారు. గాన్సూ పిల్లకు ఏముంది? దేశమంతా ఒకే రోజు రాసే ఈ పరీక్ష ఒక్కటే. అందులో 500 తెచ్చుకుంటే షాంఘై కంపెనీ కూడా ఆ కాగితాన్ని నమ్ముతుంది.

ముడి తీసేస్తే ఏమవుతుందో నేను కళ్లారా చూశాను. నేను చెప్పిన కాలేజీలో ఒక విభాగం వాళ్లు ఆ నియమం సడలించారు. మరుసటి ఏడాదే వాళ్ల ఇంగ్లీషు క్లాసులు సగానికి తగ్గించారు. పిల్లలు సంతోషించారు, నాకు మాత్రం కడుపు తరుక్కుపోయింది. ఆ తర్వాత ఇంగ్లీషు చదివింది డబ్బున్న ఇళ్ల పిల్లలే.

షెన్‌జెన్‌లో_సీమబిడ్డ:
మాస్టారూ, మీ అనుభవం మీద గౌరవంతోనే చెబుతున్నాను. ఆ కాగితం దేన్ని కొలుస్తోందో చూడండి. మా ఆఫీసులో నాతో పనిచేసే చైనా ఇంజినీర్లు సీఈటీ-6లో 550 పైన తెచ్చుకున్నవాళ్లు. వంద పేజీల ఇంగ్లీషు మాన్యువల్ గంటలో చదివి తప్పు ఎక్కడుందో చెబుతారు. అదే బెంగళూరు టీమ్‌తో ఫోన్ కాల్ అంటే నోరు పెగలదు. నా వైపు చూస్తారు, చాట్‌లో టైప్ చేస్తారు. దీనికి వాళ్ల భాషలోనే ఒక పేరుంది, 'యాబా యింగ్‌యూ', మూగ ఇంగ్లీషు అని. మూడో తరగతి నుంచి కాలేజీ దాకా పదేళ్లకు పైగా చదివినవాళ్లు వీళ్లు.

కారణం పరీక్షలోనే ఉంది. వినడానికి 35 శాతం, చదవడానికి 35, వ్యాసానికి 15, చైనా భాష నుంచి ఇంగ్లీషులోకి అనువాదానికి 15. సీఈటీ-4 రాసే రెండు గంటల ఐదు నిమిషాల్లో నోరు విప్పే పని లేదు. మాట్లాడే పరీక్ష విడిగా ఉంది గానీ తప్పనిసరి కాదు. మా టీమ్‌లో దాన్ని రాసినవాళ్లు ఒక్కరూ లేరు.

వ్యాసమైనా సొంతంగా రాస్తారా అంటే అదీ తక్కువే. కోచింగ్‌వాళ్లు అచ్చులు పోసి ఇస్తారు. 'విత్ ద ర్యాపిడ్ డెవలప్‌మెంట్ ఆఫ్' అని మొదలుపెట్టి, ఆ తర్వాత ఖాళీలో సొసైటీయో ఇంటర్నెట్టో వేస్తే మొదటి వాక్యం అయిపోయినట్టే. నా పక్క సీటు కుర్రాడు ఈరోజుకీ ఈమెయిల్ అలాగే మొదలుపెడతాడు. నాలుగు సంవత్సరాల యవ్వనం దీనికి పోయిందని అతనే చెప్పి బాధపడ్డాడు.

కృష్ణాతీరం:
ఫోన్‌లో మాట్లాడితే క్షణంలో అనువాదం వస్తున్న రోజులివి. అసలు ఈ పరీక్ష అవసరమే తీరిపోయింది కదా.

పలకాబలపం:
బాబూ, ఫోన్ చెప్పింది సరైందో కాదో తేల్చుకోవడానికైనా భాష కావాలి. రోగికి ఇచ్చే మందు మోతాదు దగ్గర నేను ఫోన్‌ను నమ్మను.

వరంగల్_ఆడపడుచు:
మేము గువాంగ్‌జౌలో ఉంటాం, మావారి వ్యాపారం ఇక్కడే. పక్కింటి అబ్బాయి కాలేజీ రెండో సంవత్సరం. వారానికి మూడు సాయంత్రాలు పుస్తకాలు పట్టుకుని మా ఇంటికి వస్తాడు. అందుకని కొంచెం దగ్గరగా చూసినదాన్ని చెబుతాను.

అన్నయ్య చెప్పిన అచ్చుల గోల నిజమే. కానీ అనువాదం సంగతి వేరు, దాని గురించి ఎవరూ మాట్లాడలేదు. 2013 డిసెంబరు నుంచి ఒక్కో వాక్యం కాకుండా పూర్తి పేరా ఇస్తున్నారు, నూట నలభై నుంచి నూట అరవై అక్షరాలు. వాళ్ల సంస్కృతి, చరిత్ర, ఊళ్ల మార్పులు, ఇలాంటివి. ఎర్రదారంతో అల్లే చైనా ముడి గురించి ఇచ్చారు, ఆరో మెట్టులో శరదృతువు పున్నమి పండుగ గురించి ఇచ్చారు.

ఈ పక్కింటి అబ్బాయి ఆ పండుగ పేరా పట్టుకుని కూర్చున్నాడు. ఆ రాత్రి ఇంటిల్లిపాదీ ఒకచోట చేరి చంద్రుణ్ని చూస్తూ మూన్‌కేక్ తింటారు. అలా కలవడానికి వాళ్లకు 'త్వాన్‌యువాన్' అని ఒక మాట ఉంది. దానికి సరిపోయే పెద్ద ఇంగ్లీషు మాట కోసం డిక్షనరీలో అరగంట వెతికాడు. నేను డిక్షనరీ మూసేయించి, 'ఆ రోజు మీ ఇంట్లో ఏం జరుగుతుందో చెప్పు' అన్నాను. 'మా నాన్న డోంగ్వాన్ నుంచి ఇంటికొస్తాడు, అందరం ఒకే బల్ల దగ్గర తింటాం' అని చిన్న చిన్న ఇంగ్లీషు మాటల్లో చెప్పాడు. అదే రాయమన్నాను. ఎంత బాగా వచ్చిందో! నన్నెవరైనా బతుకమ్మను ఇంగ్లీషులో చెప్పమంటే నేనూ ముందు తడబడతాను. తంగేడు పూలు, గునుగు పూలు ఎలా పేరుస్తామో వరసగా చెప్పుకుంటూ పోతే మాటలు అవే వస్తాయి. కంఠస్థంతో ఇది రాదు. పరీక్షలో ఇంత మంచి ముక్క ఉన్నప్పుడు మొత్తాన్ని తప్పుపట్టడానికి నాకు మనసొప్పదు.

వినే భాగానికి పాత ప్రశ్నపత్రాల ఆడియో ఒక వాక్యం వినిపించి ఆపేస్తాను, విన్నది రాస్తాడు, మళ్లీ వింటాడు. రోజుకు ఒక్క వార్త మాత్రమే. కోచింగ్‌లో రోజుకు మూడు పేపర్లు చేయిస్తారట. అప్పట్లో ఏం తప్పాడో కూడా చూసుకునేవాడు కాదు. డిసెంబరులో 398 వచ్చాయి.

గోదారి_డాక్టర్:
చెల్లెమ్మా, మీరు చెప్పింది చదివాక నా యూబాన్‌కు మీలాంటివాళ్లు దొరికి ఉంటే అనిపించింది. నేను ఆమెకు పదాలు అప్పజెప్పించుకున్నానే తప్ప ఇలా కూర్చోబెట్టి మాట్లాడించలేదు.

నా వైపు సంగతి కూడా చెప్పాలి. మా కాలేజీలో ఇంటర్న్‌షిప్‌కు ముందు మేం చైనా భాషా పరీక్ష హెచ్‌ఎస్‌కే నాలుగో స్థాయి దాటాల్సి ఉండేది. అప్పట్లో పన్నెండు వందల పదాలు, 300కు 180 రావాలి. దాటాను. మొదటివారం వార్డులో ఒక ముసలాయన తన యాసలో రొమ్ము మీద చెయ్యి పెట్టి ఏదో చెప్పాడు, ఒక్క ముక్క అర్థం కాలేదు. అయినా ఆ పరీక్ష నాకు తప్పు అనిపించలేదు, ఎందుకంటే ఆ రోగులతోనే నా పని. గాన్సూ నర్సుకు రోజూ ఇంగ్లీషు మాట్లాడే రోగి ఎవరు వస్తారు? పనికి కావలసిన భాషకు పరీక్ష పెట్టండి, పట్టా ఆపండి, ఒప్పుకుంటాను. పనికి సంబంధం లేనిదాని కోసం పట్టా ఆపడం మాత్రం నేను ఎప్పటికీ ఒప్పుకోను.

2023 సెప్టెంబరులో షియాన్ జియావోతోంగ్ విశ్వవిద్యాలయం ఇంగ్లీషు పరీక్షకూ డిగ్రీకీ ఉన్న ముడి తీసేసింది. చైనా అంతా దాని మీద చర్చ నడిచింది. పెద్ద పేరున్న సంస్థే తీసేశాక మిగతావాటికి ఏం అడ్డు?

పలకాబలపం:
అది మంచి ఉదాహరణ కాదు డాక్టరు గారూ. షియాన్ జియావోతోంగ్‌లో సీటు రావాలంటే గావోకావ్‌లో పైన ఉండాలి. ఆ ప్రవేశపరీక్ష 750 మార్కుల్లో ఇంగ్లీషుకే 150. అక్కడి పిల్లలు చేరేనాటికే గట్టివాళ్లు, నియమం ఉన్నా లేకపోయినా చదువుతారు. చిన్న ఊరి కాలేజీకి ఆ ధీమా లేదు.

మీరన్నదాంట్లో ఒక్కటి మాత్రం కాదనలేను. ఆరు మార్కులు తగ్గిన పిల్లకు కాలేజీ ఏం చేసింది? నేనున్న చోట తప్పినవాళ్లకు ప్రత్యేక క్లాసు అంటూ ఏదీ లేదు. మళ్లీ ఫీజు కట్టించుకుని మళ్లీ రాయమనేవారు. నియమం పెట్టిన కాలేజీ సాయంత్రం ఒక గంట టీచరును కూర్చోబెట్టాలి. అది చేయకుండా పట్టా ఆపితే తప్పు కాలేజీదే. అలాంటి చోట పట్టా ఇచ్చేయమని నేనే అంటాను.

షెన్‌జెన్‌లో_సీమబిడ్డ:
మాస్టారూ, ఈ మాట ముందే చెప్పి ఉంటే నేను అంత పొడుగు రాసేవాణ్ని కాదు. అలా టీచరును పెట్టిన కాలేజీ మీరెక్కడైనా చూశారా?

పలకాబలపం:
చైనాలో ఒక్కటి చూశాను. పేరు వద్దు గానీ, తప్పిన పిల్లల కోసం ఒక ముసలి చైనా టీచరమ్మ జీతం లేకుండా రాత్రిపూట చెప్పేది. నెల్లూరు జిల్లాలో అదీ లేదు.

వరంగల్_ఆడపడుచు:
మీరంతా ఇంత ఓపిగ్గా రాస్తుంటే ఒకటి అడగాలనిపిస్తోంది. మా పక్కింటి అబ్బాయికి ఈ శనివారమే పరీక్ష, ఉదయం తొమ్మిదింటికి. బాగా టెన్షన్ పడుతున్నాడు. పోయినసారి ఆడియో అయిపోగానే మొదటి జవాబు పత్రం తీసేసుకున్నారట, వీడు నాలుగు గడులు నింపకుండా వదిలేశాడు. ఇంకేం చెప్పాలి వీడికి?

గోదారి_డాక్టర్:
వింటూ వింటూనే గడి నింపమనండి, తర్వాత నింపుదామని ఒక్కటీ ఆపొద్దు. చాలా కాలేజీల్లో ఆడియో ఎఫ్ఎం రేడియోలో వస్తుంది, హెడ్‌ఫోన్ ఎవరిది వాళ్లే తెచ్చుకోవాలి. నా యూబాన్‌కు ఒకసారి మధ్యలో బ్యాటరీ అయిపోయి రెండు వార్తలు పోయాయి. శుక్రవారం సాయంత్రమే కొత్త బ్యాటరీలు వేసి, పరీక్ష గదిలో కూర్చుని స్టేషన్ పట్టుకుంటోందో లేదో చూసుకోమనండి. ఇంకో రెండు బ్యాటరీలు జేబులో పెట్టుకోమనండి. ఆగస్టులో ఎన్ని వచ్చాయో ఇక్కడ రాయడం మర్చిపోకండి చెల్లెమ్మా.