టెర్మినల్ మీద ఆకుపచ్చ పొడి: బ్యాటరీ మార్చాల్సిందేనా?

గుణుపూర్ నుంచి:
పొద్దున్నే బండి తాళం తిప్పితే టక్‌మని ఊరుకుంటుంది, సెల్ఫ్ (ఇంజనును తిప్పే మోటారు) తిరగదు. లైట్లు మాత్రం బాగానే వెలుగుతున్నాయి. బానెట్ ఎత్తితే ప్లస్ వైపు నీలం, ఆకుపచ్చ కలిసిన పొడి గడ్డకట్టి ఉంది. తీగను బ్యాటరీకి పట్టి ఉంచే క్లాంప్ కాస్త కదిపితే స్టార్టవుతోంది. మెకానిక్ కొత్త బ్యాటరీ అంటున్నాడు, మా బావ వేడినీళ్లు పోయమంటున్నాడు.

బరంపురం నుంచి, ఆటో ఎలక్ట్రీషియన్:
కదిపితే స్టార్టవుతోందని మీరే చెప్పారు, ముందు క్లాంప్ సంగతి చూడండి. లైట్లకు కొద్దిపాటి కరెంటు చాలు. సెల్ఫ్ 100 ఆంపియర్లకు పైగానే లాగుతుంది. క్లాంప్ దగ్గర 0.02 ఓమ్‌ల అడ్డున్నా 2 వోల్టులు అక్కడే పోతాయి.

ఆ ఆకుపచ్చది మైలుతుత్తం, రాగి తీగను ఆసిడ్ తింటే వచ్చేది. ఉత్త చేత్తో ముట్టుకోవద్దు. సముద్రం ఒడ్డున మా గోపాలపురం బండ్లయితే ఉప్పుగాలిని తిట్టుకుంటాం, మీకు ఆ వంక లేదు. క్లాంప్ బిగించే సీసపు పోస్టు అడుగు నుంచి ఆసిడ్ చెమ్మ వస్తున్నట్టుంది.

ఇంజను ఆపి మైనస్ ముందు విప్పండి. అది ఉండగా ప్లస్ విప్పుతూ పానా బాడీకి తగిలిందా, నిప్పులే. గ్లాసు నీళ్లలో చెంచాడు తినే సోడా కలిపి పోస్తే బుసబుసా పొంగుతుంది, పొంగు ఆగేదాకా పోయండి. సెల్ మూతలు గట్టిగా బిగించి ఉండాలి, సోడా లోపలికి పోతే బ్యాటరీకే చేటు. మీ బావ చెప్పిన వేడినీళ్లకు పొడి కరుగుతుంది గానీ ఆసిడ్ విరగదు, కింద ట్రేను తినేస్తుంది. కడిగి ఆరాక పోస్టునూ, క్లాంప్ లోపలి అంచునూ సీసం మెరిసేదాకా గరుకు కాగితంతో రుద్దండి. ప్లస్ ముందు, మైనస్ చివర బిగించి, ఆ తర్వాతే పైన పెట్రోలియం జెల్లీ. దగ్గర్లో బీడీ వద్దు, బ్యాటరీ నుంచి హైడ్రోజన్ వస్తుంది.

జయపురం నుంచి:
పొడి మళ్లీ త్వరగా వస్తే ఛార్జింగ్ కొలిపించండి. ఇంజను నడుస్తుండగా 13.8 నుంచి 14.4 వోల్టులుండాలి. 15 దాటితే బ్యాటరీని ఛార్జి చేసే ఆల్టర్నేటర్‌కు వోల్టేజీని అదుపులో ఉంచే రెగ్యులేటర్ చూడాలి. మా ఘాట్ రోడ్లలో బ్యాటరీని పట్టి ఉంచే పట్టీ వదులైనా పోస్టు మొదలు కదిలిపోతుంది.

గుణుపూర్ నుంచి:
శుభ్రం చేశాను, సెల్ఫ్ తిరిగింది. కానీ క్లాంప్‌లోకి వెళ్లే తీగ పోగులు చాలావరకు నల్లబడి తెగిపోయి ఉన్నాయి.

బరంపురం నుంచి:
అయితే క్లాంప్ కొత్తది వేయించండి బాబూ. తీగను ఎర్రటి రాగి కనిపించేదాకా కత్తిరించి బిగించమనండి, నల్లపోగు మీద బిగిస్తే మళ్లీ మొదటికే వస్తుంది.