కష్టమైన ఇండీ గేముల్లో (చిన్న బృందాలు సొంతంగా చేసే గేముల్లో) మజా కష్టంలోనే ఉందా?

మెట్లబావి:
హాలో నైట్ గేముకి కొనసాగింపైన సిల్క్‌సాంగ్ 2025 సెప్టెంబరు 4న వచ్చింది. మొదటి ప్యాచ్‌తోనే, అంటే విడుదలయ్యాక చేసిన మొదటి సవరణతోనే, మూర్‌వింగ్, సిస్టర్ స్ప్లింటర్ అనే ఇద్దరు బాస్‌లను (పెద్ద శత్రువులను) గేము చేసిన టీమ్ చెర్రీ కాస్త మెత్తబరిచింది. నాకది నచ్చలేదు. ప్యాచ్‌కి ముందు మూర్‌వింగ్‌ని కొట్టినవాళ్లూ తర్వాత కొట్టినవాళ్లూ ఇప్పుడు ఒకే మాట చెప్పుకుంటారు. కొట్టింది మాత్రం ఒకే మూర్‌వింగ్‌ని కాదు. మొదట్లో మనకుండేవి అయిదు మాస్కులు, అంటే అయిదు ప్రాణాలు. చాలా దెబ్బలకు రెండేసి ఊడతాయి. అంటే మూడు దెబ్బలకు కథ కంచికి. అంత పొదుపుగా ప్రాణాలు పట్టుకుని తిరగడంలోనే ఈ గేముల రుచి ఉంది. కష్టం తీసేస్తే బొమ్మలు చూడ్డమే మిగులుతుంది. కాదనేవాళ్లు కారణం చెప్పండి.

సెకండ్‌షిఫ్ట్:
కష్టమే మజా అయితే రన్‌బ్యాక్ గూడ మజానేనా అన్నా? లాస్ట్ జడ్జ్ అనే బాస్ చేతుల చచ్చిన ప్రతిసారి, మళ్ల లేచే బెంచీ కాడి నుంచి ఎగురుకుంట రావాలె. బాస్ కొట్టి చస్తే వాని దెబ్బ ఎట్లొస్తదో తెలుస్తది. దారిల చస్తే ఏం తెలుస్తది? ఆఖరికి వాడు చచ్చేటప్పుడు గూడ పేలి మనల్ని తీస్కపోతడు. నేను హేడీస్ అనే గేము, దెబ్బలు తగ్గించే గాడ్ మోడ్ పెట్టుకొని ఆడిన. మస్తు మజా వచ్చింది.

మెట్లబావి:
రన్‌బ్యాక్ అనేది శిక్ష. శిక్ష లేకపోతే భయం ఉండదు. గాడ్ మోడ్‌లో అసలు చావే లేదు, ఇక మజా ఎక్కణ్నుంచి వస్తుంది?

నీలిదీపం:
గాడ్ మోడ్‌లో చావు లేదని ఎవరన్నారండీ? మొదట తగిలే దెబ్బ 20 శాతం తగ్గుతుంది. చచ్చిన ప్రతిసారీ ఇంకో 2 శాతం కలుస్తుంది. 80 దగ్గర ఆగుతుంది. అక్కడికి చేరాలంటే 30 సార్లు చావాలి.

మెట్లబావి:
80 శాతం తగ్గిన దెబ్బ దెబ్బేనా?

నీలిదీపం:
20 శాతం తగ్గింది దెబ్బేనా మరి? గీత ఎక్కడ గీస్తారో చెప్పండి.

చింతపిక్కలు:
స్పెలంకీ ఆడండి. బాణం ఒక్కటి తగిలితే నాలుగు ప్రాణాల్లో రెండు పోతాయి. ఈ శాతాల గొడవే ఉండదు.

నీలిదీపం:
మంచి గేము గుర్తు చేశారు. 2012 స్పెలంకీలో నన్ను కట్టిపడేసింది ఏమిటో చెప్తాను. బాణం వదిలే రాతి ఉచ్చు గోడలో కనిపిస్తూనే ఉంటుంది, మొహం ఎటు తిరిగి ఉందో కూడా తెలుస్తుంది. దాని ముందు ఏది కదిలినా బాణం వదులుతుంది. కిందికి దూకే ముందు ఒక రాయో కుండో విసిరితే బాణం దానికి తగిలి ఖర్చయిపోతుంది. ఇది ఎవరూ చెప్పరు. ఒకసారి మీ చేతిలోంచి జారిన రాయికి బాణం వస్తుంది, అప్పుడు వెలుగుతుంది బుర్ర. అంతస్తులు ప్రతిసారీ కొత్తగా పుడతాయి కాబట్టి దారి బట్టీ పట్టలేం. నిబంధనలు మాత్రం మారవు. రెండున్నర నిమిషాలు దాటితే దెయ్యం వస్తుంది, ఎవరికైనా వస్తుంది. చచ్చాక వెనక్కి తిరిగి చూస్తే నా చావుకు కారణం నాకు తెలుస్తుంది. అది తెలిసినంతసేపూ ఎంత కష్టమైనా మళ్లీ ఆడబుద్ధేస్తుంది. తెలియనప్పుడు ఎంత సులువైనా విసుగే. సిల్క్‌సాంగ్‌లో హంటర్స్ మార్చ్ అనే ప్రాంతంలో బెంచీ మీద కూర్చుంటే అదే ఉచ్చు! మొదటిసారి కోపమొచ్చింది, ఆ తర్వాత ఆ ప్రాంతంలో ప్రతి పలకనూ చూసి అడుగేశాను.

మెట్లబావి:
నేను చెప్పేదీ అదే కదా. ఉచ్చుకి దెబ్బ తగలకపోతే చూసి అడుగేసేవారా?

నీలిదీపం:
దెబ్బ వద్దని నేనెక్కడన్నాను?

సెకండ్‌షిఫ్ట్:
అన్నా, ఒక్కటే అడుగుత. హాలో నైట్‌ల వాచర్ నైట్స్ అనే బాస్‌లు ఆరుగురు. పైకి దాగున్న తొవ్వ కనిపెట్టి వేలాడే దీపాల షాండ్లియర్ తెంపితే ఒకడు ముందే చస్తడు. నువ్వు తెంపినవా?

మెట్లబావి:
తెంపాను. అది గేములో ఉన్నదే. వెతికి సంపాదించుకున్నాను.

సెకండ్‌షిఫ్ట్:
గాడ్ మోడ్ గూడ గేముల ఉన్నదే. చేసినోళ్లే పెట్టిండ్రు.

మెట్లబావి:
మెనూలో టిక్కు పెట్టడం, గోడలు కొట్టి దారి వెతకడం ఒకటా? షాండ్లియర్ లోకంలో భాగం. మెనూ లోకం బయట ఉంటుంది.

సెకండ్‌షిఫ్ట్:
యూట్యూబ్‌ల చూసి తెంపినోని సంగతేంది? వాడేం వెతికిండు?

మెట్లబావి:
నేను యూట్యూబ్ చూడలేదు.

సెకండ్‌షిఫ్ట్:
నిన్నన్ననా?

చింతపిక్కలు:
రోగ్ అనే గేము 1980లో వచ్చింది. చస్తే మొదటికే. అప్పుడు కూడా సేవ్ ఫైలు కాపీ చేసి దాచుకున్నవాళ్లు ఉండే ఉంటారు.

మెట్లబావి:
ఉంటారు. వాళ్లను గెలిచినవాళ్లు అనరు. చేతకానివాళ్ల కోసం మెట్లు కట్టుకుంటూ పోతే కొండ అనేదే మిగలదు.

సెకండ్‌షిఫ్ట్:
ఎవడన్నా చేతకానోడు? బండి మీదకెళ్లి పడ్డ, కుడి మణికట్టుల ప్లేటు ఉంది నాకు. ఇరవై నిమిషాలు కంట్రోలర్ పట్టుకుంటే వేళ్లు మొద్దుబారుతయి. డాడ్జ్ (దెబ్బ తప్పించుకునుడు) ఎప్పుడు కొట్టాల్నో కండ్లకు తెలుసు, బొటనవేలు ఆలస్యంగ పోతది. గా ఆలస్యాన్ని గాడ్ మోడ్ పూడుస్తది, అంతే. ఏ వరం తీస్కోవాలె, ఏ గదికి పోవాలె, ఆఖరి బాస్ హేడీస్ రెండో రూపంల ఎక్కడ నిలబడాలె, గివన్ని నేనే నేర్చుకున్న. ఇక్కడ గెలిచినోళ్ల పట్టిక నడిపేది నువ్వే. నేను స్క్రీన్‌షాట్ పెట్టిన. అందరి పేర్లు ఎక్కినయి, నా పేరు ఎక్కలే. అడిగితే జవాబు గూడ ఇయ్యలే. ఇయ్యాల మూర్‌వింగ్ ముచ్చట తెచ్చి నీతులు చెప్తున్నవు.

నిర్వాహకుడు:
ఇద్దరూ కాస్త తగ్గండి. చేతకానివాళ్లు లాంటి మాటలు ఇంకోసారి వస్తే తీసేస్తాం.

నీలిదీపం:
అసలు సంగతి ఇప్పుడు బయటపడింది. మనం ఇంతసేపూ మజా గురించి మాట్లాడలేదు, పట్టిక గురించి మాట్లాడాం.

మెట్లబావి:
రెండూ ఒకటే నాకు. చెప్తాను వినండి. ఆఫీసులో నేను రాత్రుళ్లు కూర్చుని చేసిన పనికి రివ్యూలో ఇంకొకరి పేరు పడింది. అలా జరగడం అదొక్కసారే కాదు. వాచర్ నైట్స్‌కి నేనెవరో తెలియదు, నా మేనేజరు ఎవరో తెలియదు. నాకు ఎన్ని దెబ్బలో ఇంకొకడికీ అన్నే. ‘ఆరుగురినీ దాటాను’ అని ఎవరైనా అంటే ఆ గదిలో అతను ఏం పడ్డాడో నాకు తెలియాలి, నేను పడిందేమిటో అతనికి తెలియాలి. ఎవరి గది వాళ్లు తగ్గించుకుంటే ఆ మాటకు అర్థం పోతుంది. నా మజా అక్కడుంది. దాన్ని అహంకారం అనుకుంటే అనుకోండి.

నీలిదీపం:
అహంకారం అనను. డెడ్ సెల్స్ అనే గేము 2018లో పూర్తిగా వచ్చింది, కష్టం తగ్గించుకునే అసిస్ట్ మోడ్ 2022లో పెట్టారు. అంతకుముందు గెలిచినవాళ్ల గెలుపు దానివల్ల ఎక్కడికీ పోలేదు కదండీ. మీకు గది అందరికీ ఒకేలా ఉండాలి. నాకు గది నాతో నిజాయితీగా ఉంటే చాలు, పక్కవాడి గది ఎలా ఉన్నా పట్టదు. ఇందులో రాజీ కుదురుతుందని నాకు అనిపించట్లేదు.

సెకండ్‌షిఫ్ట్:
అందరికీ అన్నే దెబ్బలు అన్నవు. చేతులు గూడ అందరికీ ఒక్కతీర్గనే ఉన్నయా? ఆఫీసుల నీ పేరు తీసేసిండ్రని బాధపడ్తున్నవు. ఇక్కడ నా పేరు ఎవరు తీసిండ్రు?

మెట్లబావి:
తీయలేదు, ఎక్కించలేదు. సరే, ఎక్కిస్తాను. పక్కన ‘గాడ్ మోడ్’ అని రాస్తాను. అది రాయకుండా మాత్రం ఎక్కించను.

సెకండ్‌షిఫ్ట్:
రాయి. అబద్ధం కాదు గదా. నీ పేరు పక్కన ‘షాండ్లియర్’ అని గూడ రాయి.

మెట్లబావి:
రాయను. అది వేరు.

సెకండ్‌షిఫ్ట్:
ఎట్ల వేరో చెప్పు మరి.