డబ్బంతా కట్టేక బండి చూడాలా, బండి చూసేక కట్టాలా? (ఎం340ఐ, పలాస)

జీడిగింజ (పలాస):
అందరికీ నమస్తే. చాలా రోజులుగా చదువుతున్నా గానీ రాయడం ఇదే మొదటిసారి. బీఎండబ్ల్యూ ఎం340ఐ బుక్ చేసేను, నీలం రంగు, లోపల నలుపు, అడ్వాన్సు 5 లక్షలు. షోరూం ఏ ఊళ్ళోదో చెప్పను, మన శ్రీకాకుళం, విజయనగరం రెండు జిల్లాల్లోనూ లేదని మీకూ తెలుసు. నిన్న ఫోన్ చేసి బండి అలాట్ అయింది సార్, ఛాసిస్ నంబరు వచ్చింది, మిగతాది మొత్తం కట్టేస్తే ఇన్వాయిస్ వేసి ఇన్సూరెన్సు, రిజిస్ట్రేషన్ చేసేసి వచ్చే గురువారం డెలివరీ ఇచ్చేస్తాం అన్నారు. ముందు ఓసారి చూస్తానంటే యార్డులోకి కస్టమర్లని పంపరంట, డెలివరీ రోజునే చూడాలంట. మా నాన్నది జీడిపప్పు వ్యాపారం. బస్తా విప్పి నాలుగు గింజలు కత్తితో కోసి లోపల పప్పు చూడకుండా ఎవరికీ పైసా ఇవ్వరు. ఈ మాట చెప్తే "డెబ్బై లక్షల ముసుగులో బేరమేట్రా" అని నిన్నట్నుంచి ఒకటే గోల. కట్టేయనా, చూసేకే కడతానని పట్టుబట్టనా?

మడపాం టోల్:
ముందు ఫొటో పెట్టండి బాసూ

జీడిగింజ:
బండి చూడలేదనే కదా అన్నియ్యా పోస్టు పెట్టింది 😄

కోటగుమ్మం (విజయనగరం):
తమ్ముడూ, మీ నాన్నగారి మాటే మాట. కంటితో చూడకుండా ఇంకో రూపాయి కట్టకు. అలమండ సంతలో ఎద్దుని కొన్నా నోరు తెరిచి పళ్ళు చూసి, నాలుగడుగులు నడిపించి, అప్పుడు కదా బేరానికి తువ్వాలు కింద చెయ్యి పెడతాం. చూడాల్సింది మొదట టైర్లు. టైరు పక్కన చిన్న గడిలో నాలుగంకెలుంటాయి, మొదటి రెండూ వారం, తర్వాతి రెండూ సంవత్సరం, 3825 అంటే 2025లో 38వ వారంలో తయారైందని. ఆ అంకెలు టైరుకి ఒకవైపే ఉంటాయి, బిగించినప్పుడు లోపలివైపుకి పడిపోతే కింద పడుకుని ఫోన్ లైటు వేసుకుని చూడాలి. సిగ్గుపడకు, పడుకో. తర్వాత రంగు మందం కొలిచే పెయింటు మీటరు పట్టుకెళ్ళు, కంపెనీ రంగు మామూలుగా వంద నూట యాభై మైక్రాన్ల మధ్యన ఉంటది, ఒకే డోరు మీద మూడొందలు దాటిందా, మళ్ళీ రంగేసినట్టే. ఫారం 21 అని డీలరిచ్చే అమ్మకం పత్రంలో బండి తయారైన నెల, సంవత్సరం రాసుంటాయి, అదీ అడుగు.

ఇదంతా ఎందుకు చెప్తున్నానంటే 2017లో నాకు దెబ్బ తగిలింది. అదీ యూరప్ బండే, కంపెనీ పేరు అనవసరం. డబ్బంతా కట్టేసేను. బండి మీద ఎర్రగుడ్డ కప్పి ఉంచి లాగండి సార్ అన్నారు, లాగేను, పిల్లలు చప్పట్లు కొట్టేరు, ఫొటో తీసేరు. ఆరు నెల్ల తర్వాత పాలిష్ చేసే కుర్రాడు చెప్పేడు, కుడివైపు వెనక డోరు రంగు వేరేగా ఉంది సార్ అని. వెళ్ళి అడిగితే మీరే ఎక్కడో గీయించుకుని ఉంటారు అన్నారు. దానికి ఏం సమాధానం చెప్తాం?

నాగావళి ఒడ్డు:
కోటగుమ్మం గారూ, పెద్దవారు, కోపం తెచ్చుకోకపోతే ఒక మాట. షోరూం వాళ్ళేమీ మిమ్మల్ని మోసం చేద్దామని ముందు డబ్బడగరు. ఈ బండి చెన్నై ప్లాంటులో బిగించి వస్తాది, 2021 నుంచి ఇక్కడే చేస్తున్నారు. డీలరు దాన్ని బ్యాంకు అప్పు మీద కంపెనీ దగ్గర కొంటాడు, బండి యార్డులో ఉన్న ప్రతి రోజుకీ వడ్డీ నడుస్తాది. అందుకే తొందర. ఇక తమ్ముడికి, యార్డుకి పంపరు అన్నది సగం నిజం. ఫోన్లో అడిగితే పంపరు, మెయిల్ పెట్టి ఇన్వాయిస్ వేసేలోపు బండి చూస్తానని రాస్తే వర్క్‌షాపుకి తెచ్చి చూపిస్తారు. ఇన్వాయిస్ అయ్యి నీ పేరున రిజిస్టరయ్యేక వద్దంటే మాత్రం ఎవడూ వెనక్కి తీసుకోడు, అప్పుడది సెకండ్ హ్యాండే. అంతవరకు పెద్దాయనతో నాకు పేచీ లేదు. టైర్ల గొడవే అనవసరం. టైరు ఒక ఫ్యాక్టరీ, బండి ఒక ఫ్యాక్టరీ, బండికన్నా రెండు మూడు నెలలు ముందుది ఉండడం మామూలే.

కోటగుమ్మం:
రెండు మూడు నెలలని ఎవరు చెప్పేరు నీకు? ఏడాది ముందుది ఉంటే?

నాగావళి ఒడ్డు:
ఉంటే అప్పుడు మాట్లాడదాం సార్. లేనిదానికి ముందే ఏడుపెందుకు?

బొబ్బిలి వీణ:
నా బాధ ఎవరికి చెప్పుకోను. జూలైలో బుక్ చేసేను, ఆషాఢం పోనీ అన్నారు ఇంట్లో, సరే వరలక్ష్మీ వ్రతం నాడు అంటే 2025 ఆగస్టు 8న ముహూర్తం చూసి తెచ్చేం. సెప్టెంబర్ 22 నుంచి జీఎస్టీ మారిపోయింది. అంతకుముందు పెద్ద సెడాన్‌కి 28 శాతం, పైన సెస్సు 20, మొత్తం 48. ఇప్పుడు 40. ఆరు వారాలు ఆగుంటే ఎంత మిగిలేదో లెక్క కట్టి పడుకోకుండా కూర్చున్నాను. బుకింగ్ తేదీ కాదంట, ఇన్వాయిస్ తేదీ చూస్తారంట. అమ్మవారు లక్ష్మిని ఇస్తాదనుకుంటే నాది పట్టుకెళ్ళిపోయింది.

డీజిల్ బాబాయ్ (నరసన్నపేట):
పలాసలో ఆ బండేటి బాబూ, వీధి మొగలో స్పీడ్ బ్రేకరుకే అడుగు రాసుకుంటాది. బంకుల్లో చూస్తే అంతా ఇరవై శాతం ఇథనాలు కలిపిన పెట్రోలే. సర్వీసుకి నూట ఎనభై కిలోమీటర్లు పోవాల. ఇన్నోవా తీసుకో, మీ నాన్న బస్తాలు కూడా వేసుకోవచ్చు.

జీడిగింజ:
బాబాయ్, బస్తాలకి వ్యాను ఉంది. ఇది నా సరదా. పదేళ్ళ నుంచి అనుకుంటున్నది. 2018లో తిత్లీ తుఫానుకి మా జీడిచెట్లన్నీ వేళ్ళతో లేచిపోయేయి, ఆ ఏడు నాన్న సెకండ్ హ్యాండ్ బైకు కూడా అమ్మేసేరు. అందుకే ఆయన ఇప్పుడు కూడా ప్రతి రూపాయీ రెండుసార్లు తిప్పి చూస్తారు. లెక్కలు ఆయనే వేసేరు: ఎక్స్ షోరూం 70 అనుకుంటే మన రాష్ట్రంలో లైఫ్ ట్యాక్స్ 18 శాతం, అదే పన్నెండున్నర లక్షలు, టీసీఎస్ అని ముందే పట్టే ఆదాయపన్ను ఒక శాతం 70 వేలు, అది రిటర్న్ వేసినప్పుడు సర్దుకుంటాది, పైన ఇన్సూరెన్సు. "పన్ను డబ్బుతోనే ఒక బండి వచ్చేస్తాది కదరా" అన్నారు.

మడపాం టోల్:
పాండిచ్చేరి రిజిస్ట్రేషన్ చేయించెయ్, ట్యాక్సు బోలెడు మిగుల్తాది

కోటగుమ్మం:
ఆ సలహాలు ఇవ్వకండి బాబూ కుర్రాడికి. ఇక్కడే తిప్పితే ఏడాదిలో ఇక్కడి నంబరుకి మార్చాలి, అప్పుడు ట్యాక్సూ ఇక్కడే కట్టాలి. ఈలోగా పట్టుకుంటే అదో తలనొప్పి.

వీరఘట్టం వాసు:
మన శ్రీకాకుళం ఏపీ 30 నంబరు వస్తాదా? మా నాన్న అంబాసిడర్‌కి ఏపీ 30 ఉండేది, చూస్తేనే మనోడని తెలిసేది

బొబ్బిలి వీణ:
2019 నుంచి రాష్ట్రమంతా ఒకటే సిరీస్ కదా, ఏపీ 39తో మొదలెట్టేరు. మా విజయనగరం 35 కూడా పోయింది. ఏ ఊరి బండో ఇప్పుడు హారన్ కొట్టే తీరు చూసి కనిపెట్టాల్సిందే.

కోటగుమ్మం:
నంబరు సంగతి తర్వాత. తమ్ముడూ, టైర్లు చూసేవా?

నాగావళి ఒడ్డు:
టైర్లు, టైర్లు, టైర్లు. మూడు లీటర్ల ఇంజను, ఆరు సిలిండర్లు ఒకే వరసలో, 374 గుర్రాల బలం, వందకి 4.4 సెకన్లు. కుర్రాడు పదేళ్ళు కలగన్న బండి. ఒక్కరూ దాని గురించి ఒక్క ముక్క మాట్లాడలేదు. డెలివరీ అంటే బాంబు డిస్పోజల్ అనుకుంటున్నారా?

కోటగుమ్మం:
గుర్రాలు ఎన్నుంటే ఏటి, నాలుగు డెక్కలూ సరిగ్గా ఉండాలా వద్దా? అసలు నాకో అనుమానం. వడ్డీ అంటావు, యార్డు అంటావు, మెయిల్ అంటావు. ఇంత లోపలి సంగతులు బయటోడికి తెలియవు. నువ్వు ఆ షోరూం కుర్చీలో కూర్చునేవాడివే. బండికి ఎంతిస్తారు నీకు?

నాగావళి ఒడ్డు:
అవును, కూర్చున్నాను. ఆరేళ్ళు. మానేసి మూడేళ్ళయింది, ఇప్పుడు ఆమదాలవలసలో హార్డ్‌వేర్ షాపు. ఎంతిస్తారని అడిగేరు కదా, చెప్తాను వినండి. మీలాంటి ఒకాయన మీటరు పట్టుకొచ్చేరు. బండి చుట్టూ మూడుసార్లు తిరిగి, బానెట్ అంచు దగ్గర 180 చూపించిందని నలుగురి ముందు నన్ను దొంగ అన్నారు. అంచుల దగ్గర రంగు కొంచెం ఎక్కువ పడతాదని చెప్తే వినలేదు. క్యాన్సిల్ చేసేరు. తర్వాత తెలిసింది, వాళ్ళ బావమరిది తెలుపు రంగే బాగుంటాదన్నాడంట, అదీ కారణం. ఆ నెల నా ఇన్సెంటివ్ పోయింది. అది పోనీ. దొంగ అన్నారు కదా, అది పోలేదు. మీరు ఎద్దు పళ్ళు అంటారు, అటువైపు కుర్చీలో కూర్చున్నది ఎద్దు కాదు, మనిషి.

మడపాం టోల్:
🍿

కోటగుమ్మం:
నిన్ను దొంగ అన్నవాడు నేను కాదు. నా సంగతి నేను చెప్తాను. 2017లో నేను లుంగీతో వెళ్ళలేదు. ఇస్త్రీ చొక్కా, ప్యాంటు, బూట్లు, మా ఆవిడ, ఇద్దరు పిల్లలు. "ఏటండీ, తాళం ఇస్తారేటి, ఓసారి లోపల కూకుంటాను" అన్నాను. అక్కడున్న కుర్రాడు పక్కవాడి వైపు చూసి నవ్వేడు. పెద్దగా కాదు, పెదవి చివర. మా పెద్దోడికి అప్పుడు పదకొండేళ్ళు, వాడూ చూసేడు. వాడు నా చెయ్యి వదిలేసి వెళ్ళి సోఫాలో కూర్చున్నాడు. ఆ తర్వాత నేను ఒక్క ప్రశ్న అడగలేదు. ఎక్కడ సంతకం పెట్టమంటే అక్కడ పెట్టేను. డోరు చూడాలని నాకు తెలియక కాదు బాబూ, మళ్ళీ నోరిప్పితే మళ్ళీ నవ్వుతాడని. ఇప్పుడు ఈ పలాస తమ్ముడు కూడా అలగే నోరు మూసుకుని కట్టేస్తాడేమోనని నా బాధ. ఇరవై ఇళ్ళు కట్టించిన మేస్త్రీని, నాకు మాట్లాడ్డం రాదా?

నాగావళి ఒడ్డు:
(రాత్రి రాద్దామని ఆగేను.) చేరిన మొదటి నెలలోనే ఎవరితోనో "ఏటండీ" అన్నానని మా మేనేజరు పక్కకి పిలిచి, ఇక్కడికి వచ్చేవాళ్ళు పెద్ద పెద్దవాళ్ళు, ఆ మాట మార్చుకో అన్నాడు. అద్దం ముందు నిలబడి "ఏంటండీ, ఏంటండీ" అని నేర్చుకున్నాను. ఆ తర్వాత మన యాసలో ఎవరైనా వస్తే నాకే భయం. వాళ్ళతో మాట్లాడితే నాది బయటపడిపోతాదని వేరేవాళ్ళకి అప్పజెప్పి పక్కకి పోయేవాణ్ణి. మిమ్మల్ని చూసి నవ్వినవాడు ఎవరో నాకు తెలీదు.

కోటగుమ్మం:
నువ్వెప్పుడైనా నవ్వేవా?

నాగావళి ఒడ్డు:
ఒకసారి.

డీజిల్ బాబాయ్:
ఇదంతా బాగానే ఉంది గానీ కుర్రాడు డబ్బు కట్టేడా లేదా

వీరఘట్టం వాసు:
పాపం వాడు పారిపోయుంటాడు

జీడిగింజ:
పారిపోలేదు, పనిలో పడ్డాను. అన్నీ చదివేను. నాగావళి అన్నియ్య చెప్పినట్టే మెయిల్ పెట్టేను, సాయంత్రానికల్లా ఫోన్ వచ్చింది, వచ్చి చూసుకోండి అని. మంగళవారం నాన్నా నేనూ వెళ్ళేం. నేను ప్యాంటు వేసుకోమంటే వినలేదు, పంచె, భుజం మీద తువ్వాలు. లోపలికి అడుగుపెట్టగానే "ఏటి బాబూ మా బండి ఏదీ" అన్నారు గట్టిగా. అక్కడున్నది ఒకమ్మాయి, ఇరవై మూడు ఇరవై నాలుగు ఉంటాయేమో. నేనైతే కోటగుమ్మం అన్నియ్య రాసింది గుర్తొచ్చి ఆమె ముఖమే చూస్తున్నాను. ఆమె "ఇటు రండి తాతగారూ" అంది, అంతే.

బండి కింద ఎత్తు చూసి "ఇది పాకుతాదేట్రా" అన్నారు. తర్వాత తువ్వాలు నేల మీద పరిచి దాని మీద పడుకుని చక్రం వెనక్కి తల పెట్టేసేరు. నేను చెప్పలేదు, నిన్న నా ఫోన్లో ఈ పోస్టులన్నీ చదివేసేరంట. నాలుగు చక్రాల దగ్గరా అలగే పడుకున్నారు, వర్క్‌షాపు కుర్రాడు లైటు పట్టేడు. ఫారం 21 అడిగితే ఇన్వాయిస్‌తో పాటే ఇస్తారంట, అందులో నవంబరు 2025 అని వస్తాదని ముందే రాసిచ్చేరు. లేచి తువ్వాలు దులుపుకుని "కట్టెయ్" అన్నారు.

గురువారం తెచ్చేం. మొదటి రెండు వేల కిలోమీటర్లు ఇంజను 4500 ఆర్పీఎం దాటించొద్దన్నారు, నాన్న పక్కన కూర్చుని ముల్లు చూస్తూనే ఉన్నారు, నేను రోడ్డు చూడ్డం కంటే ఎక్కువగా. ఆదివారం అరసవల్లిలో పూజ చేయించేం. నాలుగు నిమ్మకాయలు పెట్టి ముందుకి పోనిమ్మంటే యాక్సిలరేటరు మీద కాలు కొంచెం గట్టిగా పడింది, ఒకటి చితకలేదు, ఎగిరెళ్ళి పూజారిగారి పంచెకి తగిలింది. ఫొటోలు రేపు.

మడపాం టోల్:
ఫొటోలు!!

నాగావళి ఒడ్డు:
కంగ్రాట్స్ తమ్ముడూ. తాతగారికి నా నమస్కారం చెప్పు.

కోటగుమ్మం:
సంతోషం తమ్ముడూ, చల్లగా తిరుగు. నాన్నగారికి దణ్ణం. ఇంతకీ నాలుగంకెలూ ఎంతెంత?

జీడిగింజ:
మూడింటికి 3825. ఒకదానికి 4025.

నాగావళి ఒడ్డు:
రెండు వారాల తేడా. అది తేడాయే కాదు.

కోటగుమ్మం:
ఏ చక్రం?