అరవై దాటాక మెదడు మొద్దుబారకుండా రోజూ ఏం చేయాలి? (చర్చ)

తీరికవేళ: మతిమరుపు రాకూడదంటే సుడోకు చేయండి, గళ్లనుడికట్టు నింపండి అంటారు అందరూ. నిజంగా పనికొచ్చేవి ఏవి? ఎంతసేపు, ఎలా చేయాలి? అంకెలతో చెప్పండి. "సంతోషంగా ఉండండి" లాంటి సలహాలు వద్దు.

కొలతబద్ద: సుడోకు చేస్తే సుడోకు బాగా వస్తుంది, అంతే. ముందు బీపీ సంగతి చూడండి. రక్తపోటు ఏళ్ల తరబడి ఎక్కువగా ఉంటే మెదడు లోపలి సన్నటి రక్తనాళాలు దెబ్బతింటాయి. ఆ సంగతి పైకి తెలియదు. 2019లో స్ప్రింట్ మైండ్ అనే బీపీ పరిశోధన ఫలితాలు వచ్చాయి. పై అంకె 140 లోపు ఉంచినవాళ్లకన్నా 120 లోపు లక్ష్యం పెట్టుకున్నవాళ్లలో, డిమెన్షియాకు (రోజువారీ పనులు కూడా చేసుకోలేనంత ముదిరిన మతిమరుపు) ముందు దశ అనదగ్గ జ్ఞాపకలోపం 19 శాతం తక్కువగా కనిపించింది. డిమెన్షియా విషయంలో మాత్రం గట్టిగా చెప్పగలిగినంత తేడా రాలేదు. 120 అందరికీ సరిపడదు, మీ లక్ష్యం డాక్టరే చెప్పాలి.

ఇంట్లో చూసుకునేటప్పుడు జరిగే తప్పులే ఎక్కువ. అరగంట ముందు నుంచి కాఫీ, సిగరెట్ వద్దు. మూత్రానికి వెళ్లొచ్చి, కుర్చీలో వీపు ఆనించి, పాదాలు నేలకు ఆనించి 5 నిమిషాలు ఊరికే కూర్చోండి. కాలు మీద కాలు వేసుకోకండి. బీపీ యంత్రం పట్టీని చొక్కా చేతి మీద కాదు, ఒంటి మీదే చుట్టాలి. దాని కింది అంచు మోచేతి మడతకు రెండు సెంటీమీటర్లు పైన ఉండాలి. చేయి బల్ల మీద, గుండె ఎత్తులో పెట్టండి. వేలాడేస్తే అంకె పెరుగుతుంది, మాట్లాడినా పెరుగుతుంది. లావు చేతికి చిన్న పట్టీ చుడితే లేని బీపీ కనిపిస్తుంది. నిమిషం తేడాతో రెండుసార్లు, పొద్దున, సాయంత్రం, 7 రోజులు చూడండి. మొదటిరోజువి కొట్టేసి మిగతా 24 అంకెలకు సగటు తీయండి. ఇంట్లో సగటు 135/85 దాటితే ఎక్కువ కిందే లెక్క.

మందులపెట్టె: బీపీ తర్వాత మందుల జాబితా చూడండి. దీన్ని ఎవరూ పట్టించుకోరు. జలుబు మాత్రల్లో ఉండే క్లోర్‌ఫెనిరమిన్, నిద్రకోసం కొనుక్కునే డైఫెన్‌హైడ్రమిన్, మూత్రం ఆగనివాళ్లకు ఇచ్చే ఆక్సీబ్యుటినిన్, నరాల నొప్పికి రాసే అమిట్రిప్టిలిన్ నాలుగూ ఒకే పని చేస్తాయి. జ్ఞాపకానికి కావాల్సిన మెదడు రసాయనం ఎసిటైల్‌కోలిన్‌ను అడ్డుకుంటాయి. నలుగురు డాక్టర్లు తలొకటి రాస్తే నాలుగూ కలిసి పనిచేస్తాయి. నోరు ఎండటం, మలబద్ధకం, మగతగా ఉండటం దాని గుర్తులు. దుకాణంలో చీటీ లేకుండా కొన్నవాటితో సహా అన్నీ ఒకే కాగితం మీద రాసి ఒకే డాక్టరుకు చూపించండి. మీ అంతట మీరు ఆపకండి.

ఇంకో మాట. మెట్‌ఫార్మిన్ గానీ, ఒమెప్రజోల్ తరహా ఎసిడిటీ మాత్ర గానీ ఏళ్లుగా వాడుతుంటే విటమిన్ బీ12 పరీక్ష చేయించండి. తగ్గితే మతిమరుపు, పాదాల్లో తిమ్మిరి రావచ్చు. ఆలస్యం చేస్తే కొంత నష్టం వెనక్కి రాదు.

తీరికవేళ: జ్ఞాపకశక్తికని అమ్మే గింకో మాత్రలు?

మందులపెట్టె: డబ్బు దండగ. 75 దాటిన మూడు వేల మందికి పైగా రోజుకు రెండుసార్లు 120 మిల్లీగ్రాముల చొప్పున ఇచ్చి చూశారు. 2008లో ఫలితం వచ్చింది. డిమెన్షియా తగ్గలేదు. పైగా రక్తం పలచబడే మందులు వాడేవాళ్లకు రక్తస్రావం భయం ఒకటి.

చెవిమాట: వినికిడి గురించి ఒక్కరూ రాయలేదేం? మాట సరిగా వినపడకపోతే దాన్ని పోల్చుకోవడానికే మెదడు అలసిపోతుంది, గుర్తుపెట్టుకోవడానికి ఓపిక మిగలదు. మనిషి నలుగురిలో కూర్చోవడమే మానేస్తాడు. వినికిడి యంత్రాల మీద జరిగి 2023లో ఫలితాలు వచ్చిన అచీవ్ పరిశోధనలో మొత్తం మీద తేడా రాలేదన్నది నిజమే. కానీ మతిమరుపు ముప్పు ఎక్కువున్న వర్గంలో వినికిడి యంత్రం పెట్టుకున్నవాళ్లకు 3 ఏళ్లలో ఆలోచన, జ్ఞాపకశక్తి క్షీణత 48 శాతం తగ్గింది.

యంత్రాలు సొరుగులో పడిపోవడానికి కారణం మొదటి వారమే. మొదటిరోజే జనంలోకి వెళ్తే గిన్నెల చప్పుడు కూడా పిడుగులా వినిపిస్తుంది, తీసి పక్కన పడేస్తారు. ముందు నిశ్శబ్దంగా ఉన్న గదిలో, ఒక్కరితో మాట్లాడుతూ, రోజుకు మూడు నాలుగు గంటలు పెట్టుకోండి. తర్వాత టీవీ, ఆ తర్వాతే జనసమ్మర్దం. చివరికి నిద్రలేచింది మొదలు పడుకునేదాకా పెట్టుకోవాలి. జింక్ బ్యాటరీకి స్టిక్కర్ పీకగానే మూత వేయకండి. గాలి లోపలికి వెళ్లాలి, రెండు మూడు నిమిషాలు ఆగండి. ఒకసారి పీకాక మళ్లీ అంటించినా అది ఖర్చవుతూనే ఉంటుంది.

నడకబాట: వ్యాయామం వారానికి 150 నిమిషాలు, మాట్లాడగలిగి పాట పాడలేనంత వేగంతో. 2011లో 120 మంది పెద్దవాళ్ల మీద ఒక ప్రయోగం జరిగింది. ఏడాది నడిచినవాళ్లలో జ్ఞాపకాలకు కీలకమైన హిప్పోకాంపస్ దాదాపు 2 శాతం పెరిగింది, ఒళ్లు సాగదీసే వ్యాయామాలే చేసినవాళ్లలో 1.4 శాతం తగ్గింది. చిన్న ప్రయోగమే, కానీ వాళ్లు పెంచుకుంటూ పోయిన తీరు పాటించదగ్గది. మొదటి వారం 10 నిమిషాలు, వారానికి 5 పెంచుతూ ఏడో వారానికి 40, వారానికి 3 రోజులు. మొదటిరోజే గంట నడిచి మోకాలు పట్టేసి మానేసేవాళ్లే ఎక్కువ. వారానికి రెండుసార్లు చేతులు ఆనించకుండా కుర్చీలోంచి లేచి కూర్చోవడం 8 నుంచి 10 సార్లు, రెండు విడతలుగా చేయండి.

రాత్రిచుక్క: నిద్ర ఒక్క ముక్కలో: లేచే టైము మార్చకండి. సాయంత్రం 4కి తాగిన కాఫీలో సగం కెఫీన్ రాత్రి 9కీ ఒంట్లో ఉంటుంది. పగటి కునుకు అరగంట దాటకూడదు. గురకపెడుతూ మధ్యలో ఊపిరి ఆగుతుంటే అది అలవాటు కాదు, నిద్ర పరీక్ష చేయించాలి.

కొలతబద్ద: పైన సుడోకును మరీ తీసిపారేశాను. యాక్టివ్ అనే అధ్యయనంలో ఆలోచన, వేగం మీద తర్ఫీదు పొందినవాళ్లకు పదేళ్ల తర్వాత కూడా ఆ నైపుణ్యం మిగిలింది. జ్ఞాపకం తర్ఫీదుకు అంతకాలం నిలవలేదు. సమయం ఉంటే కొత్త భాషో వాయిద్యమో పట్టండి, తేలికగా వచ్చేసిన పాఠాన్ని దాటేయండి. పేర్లు మర్చిపోతుంటే చదవడం కాదు, చూడకుండా గుర్తుచేసుకోవాలి: నిమిషం తర్వాత, పది నిమిషాలకు, మర్నాడు.

తీరికవేళ: బీపీ మాత్ర పెంచాక లేవగానే కళ్లు తిరుగుతుంటే?

కొలతబద్ద: అది తేలిగ్గా తీసుకోకూడదు. పడిపోయి తలకు దెబ్బ తగిలితే ఇంత కష్టం వృథా. 5 నిమిషాలు పడుకుని ఒకసారి, లేచి నిలబడ్డ నిమిషానికి ఒకసారి, 3 నిమిషాలకు మళ్లీ బీపీ చూడండి. పక్కన మనిషి ఉండాలి. పై అంకె 20 గానీ, కింది అంకె 10 గానీ పడిపోతే ఆ మూడు అంకెలు, మాత్ర వేసుకున్న టైము రాసుకుని అదేరోజు డాక్టరుకు చెప్పండి.