కారు లేకుండా అరకు, బొర్రా: వెళ్లొచ్చినవాళ్లు చెప్పండి

మర్రిపాలెం మనిషి: డిసెంబరులో అమ్మ, ఇద్దరు పిల్లలతో విశాఖ నుంచి అరకు అనుకుంటున్నాం. ఆదివారం ఘాట్‌లో కార్ల వరస చూశాక సొంత బండి వద్దనుకున్నాం. రైల్లో వెళ్తే బొర్రాలో దిగాలా, అరకు దాకా పోవాలా? అమ్మకి మోకాళ్ల నొప్పులు, స్టేషన్ నుంచి గుహల దాకా నడవగలదా? మబ్బులు చూసే ఆ వంజంగి కొండ కారు లేకుండా అవుతుందా? ఘాట్‌కి ఎలక్ట్రిక్ బస్సులు వేస్తే ఎలా ఉంటుందంటారు?

కిటికీసీటు: అరకు రైల్లో విస్టాడోమ్ పెట్టె ఎక్కండి సార్, వేరే ఆలోచన వద్దు. 2017 నుంచి దాని ఫ్యాన్‌ని. అద్దాల కప్పు, తిరిగే సీట్లు. అడ్వాన్స్ బుకింగ్ ఇప్పుడు 60 రోజులే, కాబట్టి తేదీ చూసుకుని పొద్దున్నే ఫోన్ పట్టుకుని కూర్చోవాలి.

బొడ్డవర బుల్లోడు: ఏసీలో కూర్చుని అద్దంలోంచి చూడ్డం కూడా చూడ్డమేనా? మామూలు పెట్టె ఎక్కండన్నా. శివలింగపురం దాటాక సొరంగం వచ్చినప్పుడల్లా పెట్టెంతా ఒకటే ఈలలు, కేకలు. ఆ చీకట్లోనే పల్లీలమ్మే ఆవిడ పొట్లం కట్టేసి, వెలుతురు రాగానే చిల్లర చేతిలో పెడుతుంది. పిల్లలకి కావాల్సింది అదీ. పైగా శిమిలిగూడ చూపించొచ్చు, దేశంలోకెల్లా ఎత్తైన బ్రాడ్‌గేజ్ స్టేషన్.

రిటైర్డ్ లోకో: ఒకప్పటి మాట బాబూ. శిమిలిగూడ 996 మీటర్లు. కాశ్మీర్లో ఖాజీగుండ్ లైన్ వచ్చాక ఆ రికార్డు పోయింది.

బొడ్డవర బుల్లోడు: చిన్నప్పట్నుంచీ మా ఊళ్లో అందరూ అదే చెప్తారు. అందరిదీ తప్పేనా?

రిటైర్డ్ లోకో: అందరూ చెప్తే కొండ పెరగదు. సర్వీసంతా ఈ కేకే (కొత్తవలస–కిరండూల్) లైన్లోనే చేశాను, 58 సొరంగాలూ వరసగా చెప్పమంటే చెప్తాను.

బొడ్డవర బుల్లోడు: చెప్పండి చూద్దాం.

కిటికీసీటు: మీరిద్దరూ ఖాజీగుండ్ వెళ్లి తేల్చుకోండి. ఆయన అడిగింది వాళ్లమ్మ గురించి.

అనంతగిరి పిల్ల: కారు వద్దనుకున్నందుకు సంతోషం. కానీ బస్సెక్కేటప్పుడు ఒకటి గుర్తుపెట్టుకోండి, అది మాకు ఆస్పత్రికీ కాలేజీకీ వెళ్లే బస్సు. సంతరోజు మూటలతో నిలబడిన ముసలమ్మకి చోటుండదు, సీట్లలో ట్రాలీ బ్యాగులు కూర్చుంటాయి. కార్లయితే ఇంకా ఘోరం, మలుపులో ఆపి సెల్ఫీలు. వెనక అంబులెన్స్ ఉన్నా ఎవరికీ పట్టదు.

వీకెండ్ రైడర్: టూరిస్టులు రాకపోతే మీ బొంగులో చికెన్ ఎవరు కొంటారు మేడమ్?

అనంతగిరి పిల్ల: కొన్నవాళ్లు ఆ బొంగూ ప్లేటూ మా వాగులో పారేసి పోతున్నారు. వచ్చి ఏరుతారా మీరు? మేడమ్ అనక్కర్లేదు.

వీకెండ్ రైడర్: నేను పారేశానా? అందర్నీ ఒకే గాటన కట్టకండి.

రిటైర్డ్ లోకో: ఎలక్ట్రిక్ బస్సు సంగతి ఎవరూ ఎత్తలేదు. తిరుమల ఘాట్‌లో 2022 నుంచి తిరుగుతున్నాయి. దిగేటప్పుడు బ్రేకు నొక్కితే కొంత కరెంటు మళ్లీ బ్యాటరీలోకి వస్తుంది. మా రైల్వేలో త్రీ ఫేజ్ అనే కొత్తరకం కరెంటు ఇంజన్లూ అంతే. ఛత్తీస్‌గఢ్ బైలదిల్లా గనుల ఇనుప ఖనిజం లోడుతో కొండ దిగుతూ కరెంటు తిరిగి తీగలోకి పంపుతాయి. అయితే తిరుపతి నుంచి తిరుమల 20 కిలోమీటర్ల చిల్లర, విశాఖ నుంచి అరకు 115. పైన చార్జింగ్ పెట్టకుండా బస్సు ఒక్కటే వేస్తే లాభం లేదు. అయినా ఈ లైనుకి ఎనభైల్లోనే కరెంటు వచ్చింది. ఆ రైలుకే ఇంకో నాలుగు పెట్టెలు తగిలించమనండి.

బొడ్డవర బుల్లోడు: పెట్టెలు కాదు, ఇంకో రైలు కావాలి. చాలాచోట్ల ఉన్నది సింగిల్ లైను, గూడ్సులకే చోటు చాలదు. డబ్లింగ్ అయ్యి రెండో లైను పడ్డాక చూడాలి. ఇది కూడా తప్పేనా గురువుగారూ?

రిటైర్డ్ లోకో: ఇది కరెక్టే.

మర్రిపాలెం మనిషి: అయ్యా, మోకాళ్లు...

పద్మాపురం పిన్ని: నేను చెప్తాను బాబూ. బొర్రా గుహలు స్టేషన్లో దిగితే గుహలు దగ్గరే, ఆటోలుంటాయి. ఎక్కకముందే రేటు మాట్లాడుకో. మా ఆయన దిగాక అడిగాడు, వాడు నోటికొచ్చింది చెప్పాడు. అసలు కష్టం లోపల. మెట్లు ఎక్కువ, తడిగా ఉంటాయి. అమ్మగారు పైనే కూర్చుంటే హాయి, చేతిలో తినేది ఏదీ ఉంచొద్దు, కోతులు. వంజంగి ఆవిడకి వద్దు. ముందురోజే పాడేరు చేరి, తెల్లారకముందే జీపెక్కి, చివర నడవాలి.

కిటికీసీటు: పిన్నిగారూ, అరకులో రూములు ఎక్కడ బాగుంటాయి?

కొత్తగా చేరాను: లంబసింగికి కూడా ఇదే రైలా అండీ?

అనంతగిరి పిల్ల: అటు రైలు లేదండీ. నర్సీపట్నంలో చింతపల్లి బస్సెక్కండి. బ్యాగు ఒళ్లో పెట్టుకోండి.