మిద్దెతోటలో ఏ కార్తెకు ఏ పని? ఆలస్యమైతే ఆ ఏడాదికి పోయే పనులేవి?

మేడమీద మడి (హైదరాబాద్):

అందరికీ నమస్కారం. మిద్దె మీద 15×15 అంగుళాల గ్రో బ్యాగులు 24, రెండడుగుల వెడల్పు మడులు నాలుగు ఉన్నాయి. కింద నేలలో కరివేపాకు, నిమ్మ, రెండు మల్లె పొదలు, ఐదు గులాబీలు. ఏ నెలలో ఏ విత్తనం వేయాలో చెప్పే పట్టికలు బోలెడు దొరుకుతున్నాయి. మట్టి ఎప్పుడు మార్చాలి, కొమ్మలు ఎప్పుడు కత్తిరించాలి, నీళ్ళు ఎప్పుడు ఆపాలి అన్నది మాత్రం వాటిలో ఉండదు. ఇప్పుడు మే మొదటి వారం. ఇక్కణ్ణుంచి ఏడాది చుట్టూ వేళకు చేసి తీరాల్సిన పనులు కారణాలతో సహా చెప్పగలరా?

కనిపిస్తున్న ఇబ్బందులు ఇవి: జూన్‌లో వేసిన చిక్కుడు నవంబర్ దాకా పూయదు. ఏప్రిల్‌లో టమాటా పూత మొత్తం రాలిపోతుంది. బీర పిందెలు వేలెడంత కాగానే పసుపెక్కుతాయి. మల్లెలో ఆకే తప్ప పువ్వు లేదు.

మట్టిమనిషి (కర్నూలు):

ఈ కాలానికి పనికొచ్చే పని వెనకటి కాలంలోనే చేసిపెట్టుకోవాలండీ. మీకు ఇప్పుడు చేతిలో ఉన్నది మట్టి పని. ఇది మే దాటితే మళ్ళీ ఏడాదికే.

కాపు అయిపోయిన బ్యాగులన్నీ ఖాళీ చేయండి. వేళ్ళు ఏరుతున్నప్పుడు వాటి మీద ఉబ్బెత్తు బుడిపెలు కనిపిస్తే అది నులిపురుగు (నెమటోడ్) పని. చిక్కుడు జాతి వేళ్ళకు మామూలుగానే ఉండే బుడిపెలు మాత్రం వేరు. ఆ వేళ్ళను కంపోస్టులో వేయకుండా కాల్చేయండి లేదా పారేయండి. మిద్దె మీద ఒక పట్టా పరిచి మట్టిని 15 సెంటీమీటర్లకు మించని మందాన పరవండి. గుప్పెట్లో పిసికితే ముద్ద కట్టేటంత, వేళ్ళ సందున నీరు కారనంత తడి చేయండి. పైన పారదర్శకమైన పాలిథిన్ షీటు కప్పి, అంచుల చుట్టూ ఇటుకలు పెట్టి తడిమట్టితో మూసేయండి. రోళ్ళు పగిలే రోహిణి కార్తె (మే 25 నుంచి) కూడా కలిసొచ్చేలా నాలుగు నుంచి ఆరు వారాలు ఉంచండి.

చాలామంది నల్ల షీటు కప్పుతారు. అది ఎండను తనలోనే పీల్చుకుని తాను వేడెక్కుతుంది, లోపలి మట్టికి చేరేది తక్కువ. పారదర్శకమైన షీటు ఎండను లోపలికి వదిలి వేడిని బయటికి పోనివ్వదు. పొడిమట్టి కప్పినా ఫలితం ఉండదు, ఎందుకంటే వేడిని లోపలికి మోసేది తడే. కుప్పగా పోస్తే పై పొర ఒక్కటే కాలుతుంది, అడుగున నులిపురుగు హాయిగా బతుకుతుంది.

ఈ వేడికి చెడ్డవాటితో పాటు మంచి సూక్ష్మజీవులూ తగ్గిపోతాయి కాబట్టి వాటిని తిరిగి చేర్చాలి. షీటు తీయడానికి పది రోజుల ముందు 5 కిలోల మాగిన పశువుల ఎరువు, అర కిలో వేపపిండి, 100 గ్రాముల ట్రైకోడెర్మా (మేలుచేసే శిలీంధ్రం) పొడి కలిపి, నీళ్ళు చిలకరించి, నీడలో తడి గోనెసంచి కప్పి పెట్టండి. మధ్యలో ఒకసారి తిరగేయండి. పది బ్యాగులకు సరిపోతుంది, బ్యాగుకు అర కిలో చొప్పున.

మీ బ్యాగు ఒక్కోటి సుమారు 40 లీటర్లు పడుతుంది. పాత మట్టి సగం, మిగతా సగంలో మాగిన ఎరువో వర్మీకంపోస్టో ఒక పాలు, నీళ్ళలో రెండుసార్లు కడిగిన కోకోపీట్ ఒక పాలు, బ్యాగుకు 200 గ్రాముల వేపపిండి. కడగని కోకోపీట్‌లో ఉప్పు ఉంటుంది, మొలకల అంచులు మాడతాయి. వేపపిండి కలిపిన పది పదిహేను రోజులకు విత్తండి. వెంటనే వేస్తే అది చివికేటప్పుడు పుట్టే వేడికి లేతవేళ్ళు దెబ్బతింటాయి. పైన రెండంగుళాలు ఖాళీ ఉంచండి, లేకపోతే పోసిన నీళ్ళన్నీ పక్కలకి పొర్లిపోతాయి.

బోరునీళ్ళు వాడేవారి బ్యాగుల అంచుల్లో తెల్లటి ఉప్పు పొర ఉంటుంది. మృగశిర (జూన్ 8 ప్రాంతం) తొలివానలకు అడుగు రంధ్రాలు తెరిచి ఉంటే అది కొట్టుకుపోతుంది. అందుకే జూన్ రాకముందే ప్రతి బ్యాగు రంధ్రాన్నీ పుల్లతో పొడవండి, మిద్దె మీది నీటి గొట్టాల మూతులూ శుభ్రం చేయండి. తడిసిన బ్యాగు 40 కిలోలకు పైనే తూగవచ్చు. దూలాల మీదుగా, గోడ వారగా పెట్టండి గానీ స్లాబు నడిమధ్యన గుంపుగా వద్దు.

జూన్, జూలైల్లో వేపపండ్లు రాలతాయి. ఏరి, గుజ్జు కడిగి, గింజలు నీడన ఆరబెట్టి గోనెసంచిలో దాచుకోండి. చలికాలం పురుగుకు మందు అదే. 50 గ్రాముల వేపగింజల పప్పు పొడిని బట్టలో మూటకట్టి లీటరు నీళ్ళలో రాత్రంతా నానబెట్టి, పిండి వడకట్టి, ఒక గ్రాము సబ్బుపొడి కలిపి సాయంత్రం పూట చల్లాలి. ఎండలో చల్లితే మందు గుణం త్వరగా పోతుంది.

పందిరి కింద (విజయవాడ):

మట్టి సంగతి మట్టిమనిషి గారు పూర్తిగా చెప్పారు. నేను తీగల సంగతి చెప్తాను.

చిక్కుడుకు తెగులేమీ లేదండీ, దాని స్వభావమే అది. పందిరి చిక్కుడు పగటిపొద్దు తగ్గితేనే పూస్తుంది. హైదరాబాద్‌లో జూన్‌లో పగలు 13 గంటల పైచిలుకు, డిసెంబర్‌లో 11 గంటలు. మీరు జూన్‌లో వేసినా, ఆగస్టులో వేసినా పూత వచ్చేది ఇంచుమించు ఒకే వేళకు. జూన్‌లో వేస్తే మధ్యలో బ్యాగు సారమంతా తీగకే పోతుంది, పేనుబంక పట్టడానికి లేత చిగుళ్ళూ దొరుకుతాయి. జూలై చివర, ఆశ్లేష కార్తె ముందు వేయండి. ఏడాదిలో ఎప్పుడైనా కావాలంటే పొద చిక్కుడు ఉంది. బెంగళూరు ఉద్యాన పరిశోధన సంస్థ విడుదల చేసిన అర్క జయ్, అర్క విజయ్ రకాలకు పొద్దుతో పనిలేదు.

గోంగూర కూడా పొద్దు తగ్గితే పూసేదే. మనకు ఆకు కావాలి కాబట్టి లెక్క తిరగబడుతుంది. మార్చి నుంచి జూలై లోపు చల్లండి. సెప్టెంబర్‌లో చల్లితే జానెడు ఎదగకముందే మొగ్గ తొడుగుతుంది, ఆకు గిడసబారుతుంది.

బీర, కాకర, సొర, పొట్ల, దోస విత్తనాలు జూన్ రెండో వారం నుంచి జూలై మొదటి వారం దాకా వేయవచ్చు. ఒక బ్యాగుకు ఒక్క బీర పాదే. రెండు ఉంచితే రెండూ సగం కాస్తాయి. సొర తీగకు ఆరేడు ఆకులు రాగానే కొన తుంచండి. ఆడపూలు ఎక్కువగా పక్కకొమ్మలకే వస్తాయి.

ఇక పసుపెక్కే పిందెలు. రెండు కారణాలుంటాయి, ముందు ఏదో తేల్చుకోండి. పిందెను కోసి చూడండి. లోపల తెల్లటి పురుగులు, పైన సూదిగుచ్చినట్టు చుక్క, దాని దగ్గర జిగురు ఉంటే పండు ఈగ. చుక్క లేకుండా పూమొన వైపు నుంచి ముడుచుకుపోతే పరాగం అందలేదు. పై అంతస్తులకు తేనెటీగలు, రాత్రి చిమ్మెటలు తక్కువగా వస్తాయి, అందుకని మనమే చేతితో అద్దాలి. వేళ తప్పితే వృథా శ్రమ. బీర, సొర పూలు సాయంత్రం విచ్చుతాయి, ఆరేడు గంటలకు చేయాలి. పొట్ల రాత్రి పూస్తుంది. కాకర, గుమ్మడి, దోస పొద్దున్నే, ఎనిమిది లోపు. కింద చిన్న పిందె ఉన్నది ఆడపువ్వు, లేనిది మగపువ్వు. మగపువ్వు తుంచి రేకులు వెనక్కి మడిచి, ఆడపువ్వు మధ్యన మెల్లగా అద్దితే చాలు.

పండు ఈగ అయితే క్యూలూర్ ఎర బుట్ట పూత మొదలైన నాడే కట్టండి. మామిడికి వాడే మిథైల్ యూజినాల్ ఎర ఈ ఈగకు పనిచేయదు, అంగడిలో రెండూ ఒకేలా కనిపిస్తాయి కనుక అడిగి తీసుకోండి. ఎరకు పడేవి మగ ఈగలే కాబట్టి అది ఒక్కటే చాలదు. పరాగం అందిన పిందెకు మర్నాడే కాగితం సంచి తొడగాలి. రాలిన పిందెలు మట్టిమీద వదిలితే లోపలి పురుగు మట్టిలో దూరి, కోశం కట్టుకుని మళ్ళీ ఈగై లేస్తుంది. పాలిథిన్ సంచిలో వేసి మూతి బిగించి మూడు నాలుగు రోజులు ఎండలో పడేయండి.

నారుమడి (వరంగల్):

టమాటా పూత రాలడానికి మందు లేదండీ. పగలు 35 డిగ్రీలు దాటి, రాత్రుళ్ళు కూడా చల్లబడకపోతే పుప్పొడి పనిచేయదు, పువ్వు కాడ దగ్గర ఊడిపోతుంది. హార్మోన్లు, టానిక్కులు చల్లి డబ్బు తగలేయకండి. ఆగస్టు చివర నుంచి సెప్టెంబర్ నడిమి దాకా నారు పోస్తే 25–30 రోజులకు నాటుకోవచ్చు, డిసెంబర్ నుంచి ఫిబ్రవరి దాకా కాయ దండిగా ఉంటుంది. అంటే బయట వాన పడుతున్నప్పుడే చలికాలం పని మొదలు కావాలి. అక్టోబర్‌లో చలి తగిలాక గుర్తొస్తే కాపు వెనకబడుతుంది, చివరి పూత వేసవి ఎండకు రాలుతుంది.

వానల్లో నారుకు శత్రువు నారుకుళ్ళు తెగులు. మొలక నేల దగ్గర నీరుకారినట్టై పక్కకు వాలిపోతుంది. కారణం ఎక్కువ తడి, ఒత్తుగా పోయడం. ట్రేలో గుంతకు ఒక్క విత్తనమే వేయండి, వాన నేరుగా పడకుండా పైన పాలిథిన్ కట్టి పక్కలు తెరిచి ఉంచండి, పైమట్టి ఆరితేనే నీళ్ళివ్వండి. తెల్లదోమ ఆకుముడత వైరస్ మోస్తుంది కాబట్టి ట్రే మీద దోమతెర కప్పడం మంచిది. ముడత ఒకసారి వచ్చాక ఆ మొక్క కోలుకోదు, పీకేయాలి. నాటాక కాయల అడుగున నల్లమచ్చ వస్తే అది నీటి తేడా. ఒకరోజు ఎండగట్టి మరోరోజు ముంచితే కాల్షియం కాయకు చేరదు.

కాలీఫ్లవర్‌లో రకం చూసి కొనండి. ముందు వచ్చే రకాలు, చలి నడుమ వచ్చే రకాలు, ఆలస్యపు రకాలు అని ఉంటాయి. ముందు రకాన్ని నవంబర్‌లో నాటితే మొక్క చిన్నగా ఉండగానే బొత్తాం అంత పువ్వు పెట్టి ఆగిపోతుంది. ఆలస్యపు రకాలకు కావలసినంత చలి హైదరాబాద్‌లో ఉండదు, ఆకులే పెరుగుతాయి. ముల్లంగి, క్యారెట్ విత్తనం నేరుగా మడిలోనే వేయాలి. నారు తీసి నాటితే క్యారెట్ దుంప రెండుగా చీలుతుంది. రాళ్ళున్నా, పచ్చి ఎరువున్నా అదే జరుగుతుంది. కొత్తిమీర అక్టోబర్ నుంచి జనవరి దాకా 15 రోజులకోసారి కొద్దికొద్దిగా చల్లండి. ధనియాలను చెప్పుకాలుతో మెల్లగా నలిపి రెండు బద్దలు చేసి, పది గంటలు నానబెట్టాలి.

కోస్తా వారికి ఒక మాట. అక్టోబర్, నవంబర్ తుపాన్ల కాలం కాబట్టి నారు ట్రేలోనే కాస్త ముదరనిచ్చి, వాయుగుండం కబురు లేనప్పుడు నాటండి.

పూలబుట్ట (కడప):

మల్లెలో ఆకు ఎక్కువ, పువ్వు తక్కువ అంటే మూడింట ఒకటి: ఎండ చాలడం లేదు, నీళ్ళు ఆపడం లేదు, కత్తిరింపు లేదు. రోజుకు ఐదారు గంటల ఎండ ఉందా, ముందు చూసుకోండి.

ఉంటే నవంబర్ చివర నుంచి నీళ్ళు ఆపేయండి. నేలలో ఉన్న పొదకు పూర్తిగా, కుండీలో ఉన్నదానికి పది రోజులకు ఒక చెంబు. ఆకు పసుపెక్కి రాలుతుంది, కంగారుపడొద్దు. డిసెంబర్ చివరికి మిగిలిన ఆకు దూసేసి, నేల నుంచి ఒకటిన్నర అడుగు ఎత్తున కత్తిరించండి. ఎండుకొమ్మలు, లోపలికి తిరిగిన సన్నకొమ్మలు మొదలంటా తీసేయండి. మొదలు చుట్టూ పైపైన తవ్వి రెండు మూడు రోజులు ఎండ తగలనిచ్చి, పొదకు 10 కిలోల మాగిన ఎరువు, పావుకిలో వేపపిండి వేసి, జనవరి నడుమ నీళ్ళు మొదలుపెట్టండి. మార్చికి మొగ్గ వస్తుంది. ఆపిన నీళ్ళను ఫిబ్రవరి దాకా లాగితే కొమ్మే ఎండిపోతుంది. చిగుళ్ళప్పుడు యూరియా వేయకండి, మళ్ళీ ఆకే వస్తుంది.

గులాబీకి వేళ వేరు. వానలు వెనకపట్టాక, అక్టోబర్ రెండు మూడు వారాల్లో. బయటివైపు చూస్తున్న కన్నుకు అర సెంటీమీటరు పైన ఏటవాలుగా కత్తిరించి, కోసిన మొనకు కాపర్ ఆక్సీక్లోరైడ్ ముద్ద రాయండి, లేకపోతే కొమ్మ పైనుంచి నల్లబడుతూ వస్తుంది. అంటుకు కిందినుంచి లేచే కొమ్మ ఎంత ఏపుగా ఉన్నా తుంచేయాలి, అది అడవి గులాబీ.

నిమ్మ, కరివేపాకు చిగురు వేసినప్పుడల్లా ఆకు మీద పక్షిరెట్ట లాంటి మరక కదులుతోందేమో చూడండి. అది సీతాకోకచిలుక గొంగళి. రెండు మొక్కలే కదా, చేత్తో ఏరితే చాలు, మందు అక్కర్లేదు.

డాలస్ దోసపాదు:

అమెరికాలో టెక్సాస్ నుంచి. చిక్కుడు ఇక్కడ అక్టోబర్‌కు గానీ పూత పట్టడం లేదు. ఇక్కడేమైనా మార్గం ఉందా?

పందిరి కింద (విజయవాడ):

మీ దగ్గర వేసవి పొద్దు మనకంటే పొడుగు, అది తగ్గేదాకా పూత రాదు. మొక్కను మాడ్చే మంచు (ఫ్రాస్ట్) నవంబర్ రెండో సగంలో మొదలవుతుంది కాబట్టి కాయకు మీకు దొరికేది ఐదారు వారాలు. పందిరి రకం మానేసి పైన చెప్పిన పొద చిక్కుడు ఏప్రిల్‌లో వేయండి. న్యూజెర్సీ లాంటి చోట్ల అక్టోబర్‌లోనే మంచు పడుతుంది, అక్కడ పందిరి చిక్కుడు మీద ఆశ పెట్టుకోవద్దు. గోంగూరకు మాత్రం మీ పొడుగు పొద్దు వరం. మే నుంచి సెప్టెంబర్ దాకా ఆకు కోస్తూనే ఉండవచ్చు.

మేడమీద మడి (హైదరాబాద్):

అందరికీ ధన్యవాదాలండీ. రేపే బ్యాగులు దింపుతున్నాను. ఒక్కటి మిగిలింది: షేడ్ నెట్ ఎప్పుడు కట్టాలి, ఎప్పుడు తీయాలి?

మట్టిమనిషి (కర్నూలు):

మార్చి నడుమ కట్టండి, 50 శాతం నీడది చాలు. 75 శాతం కడితే బెండ, దోస పూయడం మానేసి సాగుతాయి. తలకు తగలకుండా, స్లాబు నుంచి ఏడెనిమిది అడుగుల ఎత్తున కట్టి పక్కలు వదిలేయండి, తక్కువ ఎత్తులో కడితే వేడి కిందే నిలుస్తుంది. బెండ, గోరుచిక్కుడు, దోస జనవరి చివర, ఫిబ్రవరిలో వేసి ఉంటే ఎండలు ముదిరే లోపు కాపు అందుతుంది. ఏప్రిల్, మేలలో తోటకూర, బచ్చలి సరిపెట్టుకోవాలి. మొదళ్ళలో రెండంగుళాల ఎండుటాకు పరిచి, నీళ్ళు పొద్దున ఏడు లోపు పోయండి. గొట్టంలో నిలిచిన నీళ్ళు ఎండకు కాగి ఉంటాయి, ఆ మొదటి బకెట్ పక్కకు పట్టి చల్లారాక వాడండి.

తీయడం రెండు మంచి వానలు పడ్డాక. మబ్బు రోజుల్లో కూడా నెట్ ఉంచితే బీర తీగ పాలిపోయి కణుపులు దూరమవుతాయి, బూడిద తెగులూ పట్టుకుంటుంది. తీసేది సాయంత్రం తీయండి, మిట్టమధ్యాహ్నం తీస్తే నీడకు అలవాటైన ఆకు అదే రోజు మాడుతుంది.