“చదువులలో మర్మమెల్ల...” తర్వాత ఏముంది?

నిద్రలేమి: పొద్దుట్నుంచి పోతన భాగవతంలో ప్రహ్లాదుడి పద్యం చివరి పాదం బుర్ర తినేస్తోంది. “చదువులలో మర్మమెల్ల తెలిసితి తండ్రీ” అని నా గుర్తు. మా తమ్ముడేమో “చదివితి” అంటాడు. మర్మం తెలుసుకుంటాం గానీ చదువుతామా?

యతిమైత్రి: తమ్ముడికే నా ఓటు. “తెలిసితి” కూడా నాలుగు లఘువులే (పొట్టి అక్షరాలే), గణం సరిపోతుంది. యతి (పాదం మొదటి అక్షరానికి మధ్యలో ఒక అక్షరం కుదరాలన్న నియమం) చస్తుంది. “చ”కి “తె” ఎలా కుదురుతుందండీ?

పాతప్రతి: అచ్చు పుస్తకంలో “జదివితి” అనే ఉంది. చ-జలకు పేచీ లేదు.

నిద్రలేమి: అయితే యతి కోసం అర్థం వదిలేశాడా పోతన?

పాతప్రతి: అంత మాటనకండి. సంస్కృత భాగవత మూలం చూడండి, సప్తమ స్కంధం ఐదో అధ్యాయం. తండ్రి “స్వధీతం” (బాగా చదువుకున్నది) ఏదైనా చెప్పమంటాడు. కొడుకు తొమ్మిది భక్తి మార్గాలూ చెప్పి, అవి ఆచరిస్తే “తన్మన్యేఽధీతముత్తమమ్” (అదే ఉత్తమమైన చదువనుకుంటాను) అంటాడు. చేసి చూపించడాన్నే చదువు అన్నాడు. పోతన “చదివితి” అక్కణ్ణుంచి వచ్చిందే.

వాదులాట: అసలు కీలకం రెండో పాదం, “చదివితి ధర్మార్థ ముఖ్య శాస్త్రంబులు నే”, చివరి “నే”. అందరూ వెనక్కి కలిపేస్తారు. ముందుకు కలపండి: “నే చదివినవి గలవు పెక్కులు”. గురువులు చదివించిన ధర్మార్థ శాస్త్రాలు వేరు, తను సొంతంగా నేర్చుకున్నవి వేరు. పద్యం మొత్తం ఆ ఒక్క అక్షరం మీద తిరుగుతుంది!

యతిమైత్రి: ఇది కందపద్యం, రెండో పాదం చివర గురువు (దీర్ఘంలాంటి బరువైన అక్షరం) పడాలి. “నే” పడింది. అంతే సార్.

వాదులాట: పోతనకి “నే” తప్ప గురువే దొరకలేదా? తల్లి కడుపులో ఉండగా విన్నది ఏ పాఠశాల లెక్కలో వేస్తారు?

పాతప్రతి: అది చెప్పింది నారదుడు. అదీ గురువు చెప్పిందే, సొంతంగా ఎలా అవుతుంది? పైగా ఆ కథ ఏడో అధ్యాయంలో గానీ రాదు.

నిద్రలేమి: తండ్రి పద్యం కూడా “చదువుము తండ్రీ” అనే ముగుస్తుంది కదా. కొడుకు అదే “తండ్రీ”తో తిప్పికొట్టాడు. ఆయన “చదివిన సదసద్వివేక చతురత గలుగున్” అంటే, చదివాక వివేకం దానంతటదే వస్తుందనుకున్నాడు పాపం.

వేపచెట్టు: వేమనకి ఈ తగాదాలేం లేవు. “సాధనమున పనులు సమకూరు ధరలోన” అని ఒక్క పాదంలో తేల్చేశాడు. పైన వేము “తియ్యనుండు” అని మరీ చెప్పాడు.

యతిమైత్రి: “తీయనుండు” కదండీ?

వేపచెట్టు: మా ఇంట్లో అందరం “తియ్య”నే.

యతిమైత్రి: గణం రెండిటికీ సరిపోయింది, యతి కూడా. ఇక తాళపత్రాలే దిక్కు. వేరే పోస్టు పెట్టండి.